జకరయ్య అయివారి సర్పసంహారం

ఉదయగిరి దుర్గాన్ని పట్టుకోవడానికి రాయలవారికి ఏడాదిన్నర పట్టిందని కొండ మీది రాళ్లు చూపించేవాళ్లు చెబుతారు. ఆ ముట్టడిలో ఏనుగులెన్ని, గుర్రాలెన్ని, బండలు కొట్టి తీసిన దారులెన్ని అన్న వివరాలు ఎవరో ఒకరు పుణ్యం కట్టుకొని రాసిపెట్టారు. అదే కొండ కింద 1999 జూన్ పద్నాలుగు, సోమవారం సాయంత్రం నాలుగూ నలభైకి మొదలైన ఇంకో యుద్ధం గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఆ యుద్ధానికి సేనాపతి, సైన్యం, జయజయధ్వానాలు చేసేవాడు అన్నీ ఒక్కరే. ఎలిమెంటరీ స్కూలు ఉపాధ్యాయుడూ, పధ్నాలుగేళ్లుగా బాప్తిస్టు సంఘానికి కార్యదర్శీ అయిన జకరయ్య అయివారు. వయసు యాభై నాలుగు. శత్రువు పాము. రణరంగం అగ్గిపెట్టె అంత గాజు పలక.

బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, వరండాలో పడక్కుర్చీ మీద కూర్చుని, ఆయన ఆ పామును గోడకేసి కొట్టేవాడు. అది చచ్చేది. కాఫీ తాగేవాడు. మర్నాడు మళ్లీ ఒకటి. పాముల్ని చంపిన వీరులు లోకంలో చాలామంది ఉన్నారు గాని, చెప్పులు కూడా తొడుక్కోకుండా, కాఫీ చల్లారేలోగా, రోజుకొకటి చొప్పున చంపిన వీరుడు ఆయన తప్ప ఇంకొకడు కనపడడు.

గాజు పలక ఒక సెల్‌ఫోనుది. ఉదయగిరిలో అప్పటికి సిగ్నలు లేదు. ఆత్మకూరులోనూ లేదు. ఆ ఫోనుతో ఎవరితోనైనా మాట్లాడాలంటే దాన్ని చేతిలో పట్టుకొని ఆ మనిషి ఇంటిదాకా నడిచిపోవాలి. దాన్ని తెచ్చింది సుధారాణి. ఆమె అయివారి భార్య లిదియమ్మకు చెల్లెలు. కువైట్‌లో ఒకరి ఇంట్లో పనిచేస్తుంది. ఈస్టరుకు రెండు నెలల సెలవు మీద వచ్చి, అక్క ఇంట్లో ఉండి, మే నెలాఖరున తిరిగిపోయింది. పోయిన వారానికి అద్దం గూట్లో దువ్వెనల వెనకాల ఫోనూ, దాని ఛార్జరూ కనపడ్డాయి. చీటీ లేదు. మాట లేదు.

"నాకిచ్చి పోయింది" అన్నాడు అయివారు. "నోటితో చెప్తే నేను వద్దంటానని భయపడింది."

ఆయన వద్దన్న కానుక ఏదీ ఆ ఇంటి చరిత్రలో లేదు.

వార్త రెండు వీధుల అవతల ఉన్న సైమన్‌కు చేరింది. సైమన్ లిదియమ్మకు తమ్ముడు, సుధారాణికి అన్న, ఉదయగిరి ఆత్మకూరుల మధ్య తిరిగే ఆర్టీసీ బస్సులో కండక్టరు. యూనిఫారం కూడా విప్పకుండా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"మా చెల్లి ఫోను నీ గూట్లో ఏం చేస్తా ఉండాది బావా?"

"ఇచ్చి పోయింది."

"ఎవురికి? నీకా?"

"నాకు గాక?"

"నీకెందుకిస్తుంది? నీకు ఫోను చేసే మనిషెవురు? ఎదురుగా కూచున్నోళ్లే నీతో మాట్లాడరే!"

బావాబామ్మర్దులు ఇలా మాట్లాడుకోవడంలో వింతేమీ లేదనుకోవచ్చు. పరిహాసమని సరిపెట్టుకోవచ్చు. వీళ్లది పరిహాసం కాదు. 1973లో లిదియమ్మ పెళ్లి విందులో వడ్డన సైమన్‌ది. కొత్త బావ ఆకు దగ్గరికి వచ్చి, మాంసం బకెట్లో గరిటె మూడుసార్లు తిప్పి, "పెళ్లికొడుకు మితంగా తినాల బావా" అని రెండు ఆలుగడ్డ ముక్కలు వేసి ముందుకు పోయాడు. పంక్తి మొత్తం నవ్వింది. అయివారు నవ్వలేదు. ఇరవై ఆరేళ్లయినా ఆ ఆలుగడ్డ ఆయనకు అరగలేదు.

అప్పటినుంచీ ఇద్దరూ ఎవరికి చేతనైనంత వాళ్లు చేశారు. అయివారు బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టగానే, రెండో కాలు సంగతి ఆలోచించకుండా సైమన్ విజిలు వేసేవాడు. అయివారికి కార్యదర్శి పదవి వచ్చాక, కోతపండగ నాడు కానుకలు తెచ్చినవాళ్ల పేర్లు గట్టిగా చదివే హక్కు కూడా వచ్చింది. ఫలానావారు ఒక కోడి, ఫలానావారు ఒక బస్తా వడ్లు అని చదువుకుంటూ వచ్చి, సైమన్ తెచ్చినదాని దగ్గర ఆగి, కళ్లజోడు సవరించుకొని, "ఎవరో ఒక గుమ్మడికాయ" అని చదివేవాడు. పధ్నాలుగేళ్లు వరసగా చదివాడు. సైమన్ కూడా మొండివాడు, పధ్నాలుగేళ్లూ గుమ్మడికాయే తెచ్చాడు.

ఫోను తగాదా లిదియమ్మ తీర్చింది. "ఒక వారం ఈడ, ఒక వారం ఆడ. ఇంకొక మాట మాట్లాడితే బాయిలో ఏస్తా" అన్నది. ఆమె అన్నంత పనీ చేసే మనిషి కావడంతో ఒప్పందం కుదిరింది. ఆదివారం ఆరాధన కాగానే ఒకడు చర్చి పిట్టగోడ మీద ఫోను పెట్టి పది అడుగులు వెనక్కి నడుస్తాడు. రెండోవాడు వచ్చి తీసుకుంటాడు. కొట్లాడుకునే దేశాలు బందీలను మార్చుకునేటప్పుడు కూడా ఇంతకన్నా మర్యాదగా ఉంటాయి. అప్పగించే ముందు బ్యాటరీ పూర్తిగా ఖాళీ చెయ్యడం ఇద్దరికీ నియమం. ఆ ఛార్జరుకు మూడు బల్లపరుపు కాళ్లు. ఉదయగిరి గోడల్లో ఉన్నవన్నీ గుండ్రటి రంధ్రాలు. ఆత్మకూరు బస్టాండు పక్కన కరెంటు సామాన్లు అమ్మే నారాయణయ్య ఒక్కడే వైర్లు తగిలించి దాన్ని పనిచేయించగలడు. కాబట్టి ఫోను చేతికొచ్చిన ఆదివారం మధ్యాహ్నమే ఆత్మకూరు పోవాలి. పోవాలంటే బస్సెక్కాలి. ఆదివారం మధ్యాహ్నం బస్సంటే సైమన్ బస్సే. అయివారు టికెట్టు కొనుక్కొని, శత్రువు బండిలో, శత్రువు ఖాళీ చేసిన బ్యాటరీ నింపుకోవడానికి పోయేవాడు.

జూన్ పదమూడున అలా మొదటి నింపుడు అయింది. పద్నాలుగున అయివారు ఫోనులో ఏమేమున్నాయో వెతుకుతూ ఆటల గదిలో కాలుపెట్టాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆయన ఆటలకు శత్రువు. ఆ శత్రుత్వం వంశపారంపర్యం. వాళ్ల నాయన ఊరూరా తిరిగి వాక్యం చెప్పినవాడు. కొడుకు జేబులో పధ్నాలుగు గోలీలు దొరికితే, ఒక్కొక్కటే లెక్కపెట్టిస్తూ, వాడి చేతనే బావిలో వేయించాడు. పెద్దయ్యాక కొడుకు ఆ బావిని బడికి తెచ్చాడు. ముప్పై ఏళ్లలో ఆయన బీరువాలోకి పోయిన గోలీలు, బొంగరాలు, గవ్వలు, క్యారంబోర్డు కాయలు తిరిగి బయటికి రాలేదు. సీతారామపురంలో పనిచేసినప్పుడు పులిజూదం గీశారని బండరాయినే బోర్లా తిప్పించాడని చెప్పుకుంటారు. అలాంటి మనిషి చేతిలో మూడు ఆటలున్నాయి. మూడూ ఉచితం. మూసెయ్యొచ్చు. మూసెయ్యలేదు.

"పరీక్ష చెయ్యకుండా తీర్పు చెప్పకూడదు" అని లిదియమ్మతో అన్నాడు. ఆమె చేటలో బియ్యం ఏరుకుంటోంది. నిబంధనలు ఆయనే పెట్టాడు. ఆటకు ఖర్చు ఉండకూడదు. పందెం ఉండకూడదు. జోస్యం ఉండకూడదు. ఎదుటి ఆటగాడు ఉండకూడదు, ఎందుకంటే వాడు గెలిచే ప్రమాదం ఉంది.

మొదటి ఆటలో బోర్లించిన బొమ్మలు. రెండేసి తిప్పి జత కుదర్చాలి.

"ఇది పేకాట" అన్నాడు.

"పేకముక్కలేవయ్యా?"

"బోర్లించింది తిప్పితే పేకాటే. కొట్టేసినాను."

రెండో ఆటలో ఫోను కొన్ని ఆకారాలు దాచిపెడుతుంది. మనం ఊహించి చెబితే ఎన్ని సరిపోయాయో చెబుతుంది.

"ఇది చిలక జోస్యం. చిలక లేదంతే. కొట్టేసినాను."

మూడోది తెరిచాడు. తెర మీద నల్లటి గీత ఒకటి పాకుతూ కనపడింది. అయివారు ఫోనును కొంచెం దూరం జరిపి పట్టుకున్నాడు. ఏదెను తోటలో మొదటి తల్లిని మోసగించినవాడు, వేల ఏళ్ల తరవాత, దువ్వెనల వెనకాల నుంచి ఆయన ఇంట్లోకి వచ్చాడు.

"పామా?" అన్నది లిదియమ్మ తొంగిచూసి. "అయితే ఇదీ కొట్టేసినట్టే గదా. మూడూ పోయినాయి. ఇంక ఆ ఫోను నీకెందుకు? సైమన్‌కే ఇచ్చేస్తే పీడా పోతుంది."

సైమన్ పేరు వినగానే అయివారి బుద్ధి చురుకైంది.

"పాము కనపడితే విశ్వాసి ఏం చెయ్యాల?"

"పరిగెత్తాల."

"చంపాల! తల చితక్కొట్టాల! ఇది ఆట గాదే, ఇది విధి."

మాట పూర్తయ్యేలోగా పాము, ఎవరూ ఏమీ నొక్కకుండానే, నేరుగా పోయి గోడకు గుద్దుకొని చచ్చింది. తెర మీద సున్న వచ్చింది.

"చూస్తివా! సున్న. అంటే ఇంక పాములు లేవు."

లిదియమ్మ ఆ సున్నను చూసింది, మొగుణ్ని చూసింది, మళ్లీ బియ్యం ఏరుకుంది. ఉచితమైన మూడు ఆటల్లోంచి ఒకదాన్ని ఎంపిక చేసే మహత్కార్యం ఇలా ముగిసింది. పామును బతికించి, మేపి, పెంచడమే ఆ ఆట అన్న సంగతి లోకంలో ఆ ఫోను పట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. ఒక్క జకరయ్య అయివారికి తెలియదు.

సైమన్‌కు తెలుసు. తన వారంలో డిపోలో కూర్చుని పామును మేపుతూనే ఉన్నాడు. రెండు వందల తొమ్మిది దాకా పోయాడు. బావ ఏం చేస్తున్నాడో కూడా తెలుసు. ఎందుకంటే బావ దాన్ని దాచుకోలేదు. ఆదివారం బడిలో పిల్లలకు చెప్పాడు, వారం మధ్య ప్రార్థన కూటంలో సాక్ష్యం చెప్పాడు. "నిన్నటికి ఇరవై ఒకటి చంపినాను. మొదట్లో ఒక్కోదానికి నాలుగు సెకన్లు పట్టేది. ఇప్పుడు మూడే" అని గడియారం చూపించాడు. ముసలమ్మలు "స్తోత్రం" అన్నారు. సైమన్ కూడా వెనక వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా "స్తోత్రం" అన్నాడు. అసలు ఆట ఏమిటో చెప్పలేదు. మనిషి శత్రువు తెలివితక్కువతనాన్ని కనిపెట్టినప్పుడు వెంటనే వాడెయ్యడు, పండగ గుడ్డల్లాగా మడిచి దాచుకుంటాడు.

ఆగస్టులో ఒక ఆదివారం అది జరిగింది.

అయివారు ఆత్మకూరులో బ్యాటరీ నింపుకొని సాయంత్రం బస్సులో తిరిగి వస్తున్నాడు. ఎడమవైపు మూడో సీటు. ఆ రోజు చంపాల్సిన పాము ఇంకా మిగిలే ఉందని ఫోను తీశాడు. పాము బయల్దేరింది. గోడకు ఇంకా రెండు వేళ్ల దూరం ఉందనగా బస్సు గుంటలో పడింది. బొటనవేలు ఇంకో బొత్తాం మీద పడింది. గోడకు గుద్దుకోవాల్సిన పాము పక్కకు తిరిగింది. తిరిగినదాని ముందర ఒక చుక్క ఉంది. దాన్ని మింగింది. ఫోను చిన్నగా కీచుమంది. పాము ఒక మెతుకంత పొడుగైంది.

అయివారు చుట్టూ చూశాడు. ఎవరూ చూడటం లేదనుకున్నాడు. ఆరు నొక్కాడు. తిరిగింది. రెండు నొక్కాడు. పైకి పోయింది. ఇంకో చుక్క. ఇంకో కీచు. ముప్పై ఏళ్లు పిల్లల జేబులు తడిమిన ఆ చేతివేళ్లు మొదటిసారి వేరే పని నేర్చుకుంటున్నాయి. ఉదయగిరి వచ్చేదాకా ఆయన తల ఎత్తలేదు. కొండ కనపడిందీ చూడలేదు, పక్కసీటు ఆడమనిషి కోడిపిల్లల బుట్ట తన కాళ్ల మీద పెట్టిందీ చూడలేదు. పదకొండో చుక్క మింగినప్పుడు "అబ్బ!" అన్నాడు. అని నవ్వాడు.

బస్సు మధ్యలో కడ్డీ పట్టుకొని నిలబడ్డ సైమన్ ఆ నవ్వు చూశాడు. అక్కను ఇచ్చిన నాటినుంచీ ఆ మొహం మీద నవ్వు చూడటం అదే మొదలు. ఆ రోజు విజిలు వెయ్యకుండా, బావ రెండు కాళ్లూ నేల మీద పెట్టిందాకా బస్సు ఆపించాడు. అయివారికి అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆ తరవాత వరండాలో సర్పసంహారానికి సమయం ఎక్కువ పట్టసాగింది. మూడు సెకన్ల పని పావుగంట అయింది, అరగంట అయింది. కాఫీ మీద తొరక కట్టేది.

"ఇంకా చావలేదా?" అని లిదియమ్మ లోపల్నుంచి అరిచేది.

"మొండికేసింది" అనేవాడు, తల ఎత్తకుండా.

"దానికీ నీ బుద్ధే వచ్చినట్టుండాది."

ఆయనకు తెలుసు, తాను సాతానుకు మేత వేస్తున్నానని. రోజూ రేపటినుంచి మానేద్దామనుకున్నాడు. పాము చివరికి ఎలాగూ చస్తుంది కాబట్టి లెక్క ప్రకారం తన సాక్ష్యం అబద్ధం కాదని కూడా ఒక రోజు తీర్మానించుకున్నాడు. ఆదివారం బడిలో మాత్రం సంఖ్య చెప్పడం తగ్గించాడు. సెప్టెంబరు మూడో వారంలో ఆయన పాము యాభై ఎనిమిది దాకా పెరిగింది. మర్నాడు బడిలో ఎవరినీ కొట్టలేదు. ఒకడి దగ్గర బొంగరం దొరికితే, చేతిలో పెట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసి, వాడికే ఇచ్చేశాడు. అయివారికి జబ్బు చేసిందేమోనని ఆ పిల్లవాడు భయంగా చూశాడు. యాభై ఎనిమిది సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఎవరూ లేరు కూడా.

అక్టోబరు పదిన, ఆదివారం, సంఘం వార్షిక సమావేశం వచ్చింది. కార్యదర్శి ఎన్నిక ఆ రోజే. పధ్నాలుగేళ్లుగా అయివారికి ఎదురు ఎవరూ నిలబడలేదు. ఆ కుర్చీ, ఆ లావుపాటి పుస్తకం, కోతపండగ నాడు పేర్లు చదివే హక్కు, ఇవి తప్ప ఆయనకు ఊళ్లో వేరే పరపతి లేదు. బడిలో పిల్లలు భయపడతారు గాని అది జీతంతో వచ్చిన భయం. ఈసారి సైమన్ నిలబడ్డాడు.

ఆరాధన అయింది. పాస్టరుగారు బల్ల ముందర కూర్చున్నారు. అరవై మంది దాకా ఉన్నారు. సైమన్ లేచి టికెట్లు కొట్టే గొంతుతో మొదలుపెట్టాడు.

"అయ్యగారూ, మా బావ పాముల్ని చంపుతా ఉండానని ఈ సంఘంలో సాక్ష్యం చెప్పినాడు. అబద్ధం. మేపతా ఉండాడు! ఆ ఆటే అది. పండు తినిపిస్తే పాము పెరుగుతుంది. ఎంత పెంచితే అంత గొప్ప."

సభ గుసగుసలాడింది. అయివారు లేచాడు. "నేను చంపినాను. రోజూ చచ్చింది."

"చచ్చింది బావా, కడుపు నిండినాక చచ్చింది! సరే, ఒకటి చెప్పు. జూన్‌లో ఆదివారం పోయి ఛార్జింగు పెట్టుకుంటే వారమంతా వచ్చేది. ఇప్పుడు నడివారంలో ఇంకోసారి ఎందుకు పోతా ఉండావు? మూడు సెకన్ల చావుకు అంత కరెంటెందుకు?"

అయివారు ముందున్న లావుపాటి పుస్తకం తెరిచి, మళ్లీ మూశాడు. 

"ఫోను పెట్టండయ్యా బల్ల మీద" అన్నాడు సైమన్. "అన్నిటికన్నా ఎక్కువ పెంచిందెంతో దాంట్లోనే రాసుంటుంది. మనుషులు అబద్ధం చెప్తారు గాని అది చెప్పదు."

అయివారి వారం ఆ రోజుతో ఆఖరు. ఫోను ఆయన జేబులోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టాడు.  యాభై ఎనిమిది బయటపడుతుంది, కుర్చీ పోతుంది అనుకున్నాడు. పాస్టరుగారు సైమన్ చెప్పినచోట, డిపోలో వినడమే గాని అతనూ ఎప్పుడూ తెరిచి చూడని చోట నొక్కి, కళ్లు చికిలించి, అంకెలు విడివిడిగా చదివారు.

"ఆరు. నాలుగు. మూడు. ఆరు వందల నలభై మూడు."

 ఆ అంకె వినగానే రెండు బుర్రల్లో ఏం నడిచిందో రాయక తప్పదు. అయివారు, నాది యాభై ఎనిమిదే, కాబట్టి ఇది ఈ దరిద్రుడిదే అనుకున్నాడు. సైమన్, నాది రెండు వందల తొమ్మిదే, కాబట్టి ఇది ఈ ముసలోడిదే అనుకున్నాడు. ఇద్దరికీ దొంగ దొరికాడన్న సంతోషం కంటే, వాడికి అంత ఎలా వచ్చిందన్న బాధ ఎక్కువైంది.

అయివారికి దారి దొరికింది. దేవుడే చూపించినంత తేటగా దొరికింది. "ఇది నాది కాదు!" అన్నాడు, నిజమే చెబుతూ. "ప్రమాణం చేస్తాను. ఇది సైమన్‌ది! మేపింది వాడు!"

అరవై తలలూ సైమన్ వైపు తిరిగాయి. అక్కడితో అయివారు గెలిచాడు. కుర్చీ మళ్లీ ఆయనదే. అయితే కిటికీ పక్కన కూర్చున్న కుర్రకారులో ఒకడు ఆగలేక అన్నాడు. "అమ్మో! ఆరొందల నలభై మూడా! సైమనన్నా, నీ చెయ్యి ఒకసారి చూపీ అన్నా!"

ఇంకొకడు అందుకున్నాడు. "నెల్లూరులో కూడా ఎవురూ అంత కొట్టుండరు."

అభియోగం తెచ్చినవాడు సైమన్. కాదనాల్సింది. ఒక్క తల ఊపుతో కాదనొచ్చు. కానీ కండక్టరు ఉద్యోగంలో ఇన్నేళ్లూ తిట్లే తప్ప ఎవరూ చెయ్యి చూపమని అడగలేదు. చొక్కా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏదో... తీరిగ్గా ఉన్నప్పుడు కొట్టినాను" అన్నాడు.

సభలోంచి ఆశ్చర్యమూ మెప్పూ కలిసిన ఒక చప్పుడు వచ్చింది. 1973లో పంక్తి మొత్తం నవ్విన చప్పుడు కూడా అలాగే ఉంది. ఆలుగడ్డ ముక్కలు రెండూ అయివారి గొంతులోకి ఎగదన్నాయి. కుర్చీ మర్చిపోయాడు, సాక్ష్యం మర్చిపోయాడు, అర నిమిషం కిందట చేసిన ప్రమాణం కూడా మర్చిపోయాడు.

"అబద్ధం! నీ మొహానికి ఆరొందలా? అది నాది!"

"నీదా? గోడకేసి గుద్దేవోడివి!"

"గుద్దింది జూన్‌లో! నేను అంచు వెంబడే తిప్పుకుంటా పోయి, నడుమ సందు పెట్టుకొని, మళ్లీ మళ్లించుకొస్తాను. నీకేం తెలుసురా?"

"తోక మీదికి పోకుండా నాలుగు నొక్కి ఎనిమిది నొక్కడం నీకు తెలుసునా?"

"నాలుగు గాదు, ముందు రెండు నొక్కాల! రెండు నొక్కనోడు యాభై కూడా దాటడు!"

పాస్టరుగారు బల్ల మీద రెండుసార్లు కొట్టారు. ఎవరూ వినలేదు. ఆడవాళ్ల వరసలోంచి లిదియమ్మ లేచి, "పోట్లాట దేనికి? ఇద్దరూ మేపినారు. చెరి సగం పంచుకోండి. ఆ పైన మూడు నేను తీసుకుంటా" అన్నది. చర్చి కప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. ఈసారి నవ్వనివాళ్లు ఇద్దరు.

ముందు బెంచీ మీద రమణయ్య తాత అంతదాకా కునుకుతూ ఉన్నాడు. ఎనభై ఒకటి దాటిన మనిషి, చెవులు అంతంతమాత్రం. నవ్వులకు లేచి, అందరి మొహాలూ చూసి కంగారుగా అడిగాడు.

"ఎవురికి కరిచింది పాము? కూచోని చూస్తారేందిరా, ఆత్మకూరు ఆసుపత్రికి తీసకపోండి!"

పాముకు మేత వేశానని నిండు సభలో ఒప్పుకున్న ఇద్దరు అభ్యర్థులనూ పాస్టరుగారు పోటీ నుంచి తప్పించారు. ఆ రోజు ఆ చర్చిలో పాము వల్ల మనిషికి హాని జరగకూడదని కోరుకున్నవాడు రమణయ్య తాత ఒక్కడే అని కూడా ఆయన గమనించారు. తాత పేరు చెప్పి చేతులెత్తించారు. అందరూ ఎత్తారు. ఎందుకు ఎత్తారో తెలియక కొత్త కార్యదర్శి తాత తనూ ఒకటి ఎత్తాడు. ఆ నవంబరు కోతపండగలో కానుకలు చదివింది తాతే. ఆయన చూపు చెవులకన్నా గట్టిది కాదు కాబట్టి ఎవరి పేరూ చదవలేదు. అన్నిటినీ "ఎవరో" తెచ్చారనే చదివాడు.

పధ్నాలుగేళ్ల పదవి అలా పోయింది. అయితే అయివారు విచారంగా ఉన్నాడనుకుంటే పొరపాటు. ఊళ్లో ఆయనకు కొత్త పరపతి ఒకటి వచ్చింది. బస్టాండు టీ అంగట్లో జనం రెండు పక్షాలుగా చీలిపోయారు. ఆరు వందల నలభై మూడు అయివారిదని కొందరు, సైమన్‌దని కొందరు. చెక్క గరిటెలు చెక్కే గురుస్వామి అయితే అయివారి పక్షాన నిలబడి, గరిటెలకు వాడే నర్ది చెక్కతో ఫోనుకు ఒక పెట్టె చేసిచ్చాడు. బడిలో పిల్లలు ఆయన బొటనవేలి వైపు గౌరవంగా చూసేవాళ్లు. అంత గౌరవం ఆయన బెత్తానికి ఎప్పుడూ రాలేదు. సైమన్ బస్సులో మాత్రం ప్రయాణికులు అతని చేతులే చూసేవాళ్లు. ఇద్దరూ తమ మాటను తామే సగం నమ్మడం మొదలుపెట్టారు. వారం వారం పిట్టగోడ మీద ఫోను మారుతూనే ఉంది. ఆరు వందల నలభై నాలుగు కొట్టి నోరు మూయించాలని ఇద్దరూ పట్టుపట్టారు. అయివారు డెబ్భై రెండు దాకా పోయాడు. అదీ ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో లిదియమ్మ జరిగిందంతా నాలుగు పేజీల ఉత్తరం రాసి కువైట్‌లో చెల్లెలికి పంపింది. నవంబరు ఇరవై ఏడు, శనివారం జవాబు వచ్చింది. తమ్ముణ్ని పిలిపించింది. మొగుణ్ని పడక్కుర్చీలోంచి లేపి నిలబెట్టింది. ఇద్దరూ వరండాకు చెరొక చివర నిలబడ్డారు. ఆమె మధ్యలో కూర్చుని చదివింది.

ఆ ఫోను తాను ఎవరికీ ఇవ్వలేదని సుధారాణి రాసింది. బొంబాయి విమానాశ్రయంలో ఎక్కడో పోగొట్టుకున్నానని ఆరు నెలలుగా ఏడుస్తున్నదట. అసలది తనది కూడా కాదు, తాను పనిచేసే ఇంటివాళ్లది. సెలవులకు పోతూ ఉంటే వాడుకోమని ఇచ్చారు. సీతారామపురం జోసెఫ్ వచ్చే నెల మొదట్లో కువైట్ వస్తున్నాడు, అతని చేతికిచ్చి పంపమంది.

"చివర ఇంకొక మాట రాసింది" అని లిదియమ్మ కళ్లజోడు తుడుచుకొని చదివింది. "అక్కా, పాము ఆటలో ఆ 643 ఎవురూ తుడిపెయ్యకుండా చూడు. నేను బయల్దేరే ముందే ఉండాది అది. మా ఇంటివాళ్ల చిన్నపాపది. ఫోను దొరికిందని చెప్పినకాణ్ణించి అది ఉండాదా లేదా అని రోజూ అడుగుతా ఉండాది."

 అయివారు నర్ది చెక్క పెట్టె మూత మూశాడు. సైమన్ గుమ్మం వైపు రెండడుగులు వేసి, ఆగి, ఆ పాప ఏం చదువుతుందని అడిగాడు.

లిదియమ్మ ఉత్తరం చూసి చెప్పింది. ఒకటో తరగతి. ఆరేళ్లు.